కష్టకాలంలో విశ్వాసం: గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు, కూడిక అయిపోయి అందరూ చెప్పులేసుకుంటున్న సమయంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్నలివి. సంఘంలో పైకి అడిగితే విశ్వాసం లేదనుకుంటారేమోనని భయం. నేను పాస్టర్‌ని కాదు, స్త్రీల కూడిక తరఫున ఇళ్లు సందర్శించేవాళ్లలో ఒకదాన్ని. బైబిల్లో ఉన్నదాన్ని, ఈ ఊళ్లలో చూసినదాన్ని దగ్గర పెట్టుకుని జవాబులు రాస్తున్నాను.

నేనేం పాపం చేశానని నాకీ కష్టం వచ్చింది?

అన్నిటికంటే ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. క్యాన్సర్ అని రిపోర్టు వచ్చినా, పెళ్లీడు కొడుకు బైకు యాక్సిడెంట్‌లో పోయినా మొదట నోట వచ్చే మాట ఇదే. చుట్టుపక్కలవాళ్లు కూడా వెంటనే లెక్కలు తీస్తారు. దశమభాగం (సంపాదనలో పదో వంతు) సరిగ్గా ఇవ్వలేదనో, ఆదివారాలు ఆరాధనకు రావడం మానేశారనో గుసగుసలు మొదలవుతాయి.

యేసు ప్రభువును శిష్యులు అచ్చంగా ఇదే అడిగారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇది ఇతను చేసిన పాపమా, కన్నవాళ్లు చేసిన పాపమా అన్నారు. రెండూ కాదన్నాడు ప్రభువు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఆయనే ఎత్తి, వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని తేల్చి చెప్పాడు (లూకా 13). ఏ తప్పూ లేకుండా కష్టాలపాలైన యోబు స్నేహితులైతే అధ్యాయాల తరబడి అతని పాపం కోసం తవ్వారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే.

తాగి బండి నడిపి పడితే కారణం మనకే తెలుసు. అక్కడ పశ్చాత్తాపపడాలి, తాగుడు మానాలి. కానీ కారణం కనబడని కష్టానికి పాపాన్ని వెతికి అంటగట్టే అధికారం మాత్రం ఎవరికీ లేదు, అయ్యగారికైనా సరే.

ఎంత ప్రార్థించినా తగ్గలేదు. నా విశ్వాసం చాలలేదా?

మంచం మీదున్న మనిషితో "నీకు విశ్వాసం చాలలేదు" అనడం క్రూరత్వం. నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ మాట విన్నాక రోగి రెండు బరువులు మోయాలి. ఒకటి జబ్బు, రెండోది నేరభావం.

పౌలు చేతుల మీదుగా ఎందరో బాగయ్యారు. ఆ పౌలే తన చివరి పత్రికలో, తనతో పనిచేసిన త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). పౌలుకు విశ్వాసం లేకనా, త్రోఫిముకు లేకనా? తన శరీరంలోని ముల్లు గురించి పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. నా కృప నీకు చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువు కూడా శ్రమల గిన్నె తొలగించమని మూడుసార్లు ప్రార్థించాడు, అది తొలగలేదు.

జబ్బు పిల్లాణ్ణి యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అన్నాడు (మార్కు 9). సగం నమ్మకం, సగం అనుమానం. ఆ తండ్రిని ప్రభువు వెనక్కి పంపలేదు, పిల్లాణ్ణి బాగుచేశాడు. మీకు ఇవాళ ఉన్నది ఆ సగమే అయితే ఆ సగంతోనే రండి.

కొత్త సంవత్సరం రాత్రి నాకొచ్చిన వాగ్దానం నెరవేరలేదు. అది అబద్ధమా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలామందికి అలవాటు. దాన్ని బైబిల్లోనో, బీరువా అద్దానికో పెట్టుకుంటారు. ఆ కార్డుల్లో ఎక్కువగా కనిపించే వచనం యిర్మీయా 29:11, దేవుని ఉద్దేశాలు సమాధానానికే గాని హానికి కావన్నది.

దాని ముందు వచనం కూడా చదవండి. బబులోనుకు బందీలుగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం అది. 70 సంవత్సరాలు అక్కడే ఉంటారు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని అందులో ఉంది. రెండేళ్లలో తిరిగి వచ్చేస్తామని అప్పట్లో చెప్పినవాడు హనన్యా. అతను అబద్ధ ప్రవక్త అని ముందు అధ్యాయం చెబుతుంది. కార్డు మీది మాట సత్యమే. డిసెంబరు లోపు అని గడువు పెట్టింది మనం.

దేవుడి మీద కోపం వస్తోంది. అలా అనుకోవచ్చా?

దేవుడితోనే అనండి. ఆయన వెనకాల అనుకుని లోపల కుళ్లిపోవడం కంటే ఎదురుగా అడగడం మేలు. 13వ కీర్తనలో దావీదు మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు "ఎన్నాళ్లు" అని నిలదీస్తాడు. 88వ కీర్తన ఇంకా బరువైనది. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. శతాబ్దాలుగా ఆరాధనలో చదువుతూనే ఉన్నారు. సిలువ మీద ప్రభువు నోట వచ్చింది కూడా 22వ కీర్తనలోని మొదటి ప్రశ్నే, నన్నెందుకు చెయ్యి విడిచావన్నది.

నమ్మకం పోయినవాళ్లు దేవుణ్ణి అడగడమే మానేస్తారు. మీరింకా అడుగుతున్నారు.

మందులు వాడితే, ఆపరేషన్ చేయించుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా?

కానే కాదు. హిజ్కియా రాజు సంగతి చూడండి (2 రాజులు 20). చావుబతుకుల్లో ఉన్న రాజు ఏడ్చి ప్రార్థిస్తే ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. మాట దేవుడిదే, పట్టు వేసింది మనుషులే. సువార్త రాసిన లూకా వైద్యుడు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి పౌలు రాశాడు.

మన దగ్గర జరిగేదొకటి చెబుతాను. ఉపవాస కూడికలప్పుడు షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు మాత్రలు మానేసి పూటలకు పూటలు తినకుండా ఉంటున్నారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అలా చేస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరును అడక్కుండా ఉపవాసం ఉండకండి. దేవునికి ఇష్టమైన ఉపవాసం గురించి యెషయా 58లో చెప్పినది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, బట్టలేనివాడికి బట్ట ఇవ్వడం. అది షుగరు ఉన్నవాళ్లు కూడా చేయగలరు.

రొయ్యల చెరువు పోయింది, అప్పుల వాళ్లు ఇంటిమీదికొస్తున్నారు. ఇప్పుడు ప్రార్థన ఏం చేస్తుంది?

రొయ్యలను చంపే వైట్ స్పాట్ జబ్బు తగిలిన చెరువు గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఈ ప్రశ్న ఎంత నిజమో తెలుస్తుంది. నీళ్లకు గాలి ఆడిస్తూ రాత్రంతా మోగే ఏరియేటర్లు ఆగిపోయి ఉంటాయి. అంచుల్లో చచ్చిన రొయ్యలు తెల్లగా తేలుతుంటాయి, కొంగలు దిగి ఉంటాయి. లీజు డబ్బు, సీడు (రొయ్య పిల్లల) డబ్బు, మేత కొట్టులో అరువు, కరెంటు బిల్లు, ఇవి కాక భార్యకు చెప్పకుండా తెచ్చిన చేబదుళ్లు. అలాంటి ఇంట్లో ఒకాయన నాతో అన్నాడు, "అమ్మా, ప్రార్థన చేసి చెరువులో సీడు వదిలాం కదా" అని. ఆయనకు ఆ వేళ ఏ వచనమూ చెప్పలేకపోయాం. పక్కన కూర్చున్నాం, అంతే.

తర్వాత ఆయనతో కలిసి చదివింది 2 రాజులు 4వ అధ్యాయం. భర్త చనిపోయిన ఒకామె, అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వస్తున్నాడని ఎలీషా ప్రవక్తతో మొరపెట్టుకుంది. ఎలీషా అడిగిన ప్రశ్న, నీ ఇంట్లో ఏముంది అని. ఆమె దగ్గరున్నది కొంచెం నూనె. ఆ తర్వాత ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. అంటే తన కష్టం ఊరందరికీ తెలియాలి, గుమ్మం గుమ్మానికీ వెళ్లి అడగాలి. అద్భుతం జరిగాక కూడా నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు గాని, అప్పు ఎగ్గొట్టమనలేదు.

అందుకని మేం చెప్పేది ఇది. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి, వడ్డీతో సహా. భార్యాభర్తలిద్దరూ ఆ కాగితం చూడాలి. బ్యాంకు అప్పయితే ముఖం చాటేయకుండా వెళ్లి గడువు అడగండి. పరువు కోసం ఇంకో ప్రైవేటు ఫైనాన్స్‌లో తెచ్చి పాతది కట్టకండి. సంఘంలో లెక్కలు తెలిసినవాళ్లను, పాత ఆక్వా రైతులను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ కాగితాన్ని మధ్యలో పెట్టుకుని ప్రార్థించండి. అది మిగతా ప్రార్థనలకంటే తక్కువేం కాదు.

ఇంత కానుక పంపితే నా సమస్య తీరుతుందని ఒకాయన చెబుతున్నారు. పంపాలా?

పంపొద్దు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోయాక వెండి, బంగారం ఇవ్వబోతే ఎలీషా ముట్టుకోలేదు. వెనకాల పరిగెత్తి తీసుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది (2 రాజులు 5). దేవుని వరాన్ని డబ్బుతో కొనాలనుకున్న సీమోనును పేతురు ఎంతగా గద్దించాడో అపొస్తలుల కార్యములు 8లో ఉంది. కానుక కృతజ్ఞతతో ఇచ్చేది, ఉన్నదాన్ని బట్టి ఇచ్చేది. తాళిబొట్టు తాకట్టు పెట్టి పంపమనే సేవకుడి నంబరు ఫోన్లోంచి తీసేయండి.

మా అమ్మ కువైట్‌లో పనిచేస్తోంది. అక్కడ ఆమెకు దేవుడు తోడుగా ఉన్నాడని ఎలా నమ్మాలి?

కోనసీమలో, నరసాపురం పక్కన ఈ ప్రశ్న లేని వీధి తక్కువ. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, ఏజెంటుకు అప్పు చేసి, ఎవరింట్లోనో వంటకూ చాకిరీకీ వెళ్లినవాళ్లు. సెలవు రోజు ఉండదు, చర్చికి వెళ్లనివ్వరు. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని మన ఆదివారపు ఆరాధన రికార్డింగు వింటారు. వాయిస్ మెసేజ్ పంపినా గుసగుసగానే ఉంటుంది, యజమానురాలు వింటుందేమోనని.

బైబిల్లో ఇలాంటి ఆడమనిషి ఒకామె ఉంది, హాగరు. ఐగుప్తు నుంచి వచ్చి పరాయి ఇంట్లో దాసిగా ఉన్న మనిషి. యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. ఆమెను వెతుక్కుంటూ అబ్రాహాము రాలేదు, దేవుని దూత వచ్చాడు, పేరు పెట్టి పిలిచాడు. ఆమె దేవునికి ఒక పేరు పెట్టింది, నన్ను చూచుచున్న దేవుడు అని (ఆదికాండము 16). అంత పెద్ద గ్రంథంలో దేవునికి అలా పేరు పెట్టిన మనిషి ఒక పనిమనిషి అన్నది మీ అమ్మకు చెప్పండి.

ఆ అధ్యాయంలో హాగరును తిరిగి వెళ్లమన్న మాట ఉంది. దాన్ని చూపించి, యజమాని కొట్టినా అక్కడే పడి ఉండాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 21వ అధ్యాయంలో అదే హాగరు ఆ ఇంటినుంచి బయటపడ్డాక, నీళ్లు అయిపోయి బిడ్డ ఏడుస్తుంటే, దేవుడు ఆమె కళ్లు తెరిచి బావి చూపించాడు, తిరిగి వెళ్లమనలేదు. మీ అమ్మను కొడుతున్నా, జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా అక్కడి ఇండియన్ ఎంబసీకి చెప్పించండి. ఇక్కడినుంచి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంట్లో ఒక సెట్టు ఉంచుకోండి.

భర్త కొడుతున్నాడు. "విశ్వాసంతో ఓర్చుకో" అంటున్నారు. ఓర్చుకోవాలా?

వద్దు. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు పక్కకు తప్పుకున్నాడు, ఆ రాత్రే కిటికీలోంచి దిగి పారిపోయాడు (1 సమూయేలు 19). దావీదుకు విశ్వాసం లేదని ఎవరూ అనలేదు. 181 మహిళా హెల్ప్‌లైన్. అత్యవసరమైతే 112. గృహహింస నుంచి రక్షణ కోసం 2005లో చట్టమే వచ్చింది. క్షమించడం, అదే ఇంట్లో దెబ్బలు తింటూ ఉండటం వేర్వేరు సంగతులు. సంఘ పెద్దలు అతన్ని కూర్చోబెట్టి మందలించాలి, ఆమెను కాదు.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఇది దేవుడు క్షమించని ఆలోచనా?

ముందు ఈ పని చేయండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరికి చెప్పండి, ఈ రాత్రి ఒంటరిగా పడుకోకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు, చెరువు మందులు ఇవాళే ఇంట్లోంచి తీసేయండి. తర్వాత చూద్దామనుకోవద్దు. సూటిగా అడగండి, చావాలనుకుంటున్నావా అని. అడిగితే ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు.

ఏలీయా ఎంత గొప్ప ప్రవక్తో మనకు తెలుసు. అతనే బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు (1 రాజులు 19). దేవుడు అతన్ని తిట్టలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం చాలా దూరం ఉంది, తిను అన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. మీకీ ఆలోచన వచ్చినందుకు దేవుడు మిమ్మల్ని వదిలేయడు. డిప్రెషన్‌కు వైద్యం ఉంది, డాక్టరు దగ్గరికి మేం తోడు వస్తాం.

1996 తుపానులో మావాళ్లు పోయారు. గాలిని గద్దించిన ప్రభువు ఆ రాత్రి ఎందుకు గద్దించలేదు?

1996 నవంబరు 6. కోనసీమలో ఆ తారీఖు చెబితే పెద్దవాళ్ల ముఖం మారిపోతుంది. బలుసుతిప్ప, భైరవపాలెం నుంచి చేపల వేటకెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు తోటలుగా నేలకొరిగాయి. ఎందుకు ఆపలేదన్నదానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉందని చెప్పేవాళ్లను నమ్మబుద్ధి కాదు.

ఈ నేల మీద సువార్త వచ్చింది కూడా సుఖంగా ఉన్నరోజుల్లో కాదు. విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు 1836లో ఇండియాకు వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశాయి. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, దాని పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న కాలం అది. తొలినాళ్లలో విశ్వాసులైనవాళ్లలో చాలామంది సెంటు భూమి లేని పేదలు, ఊరిబయట ఉంచబడ్డవాళ్లు. కష్టం రాదన్న మాట విని వాళ్లు నమ్ముకోలేదు. కష్టం వాళ్లకు ముందే ఉంది.

పౌలు ఎక్కిన ఓడ కూడా తుపానులో పగిలిపోయింది (అపొస్తలుల కార్యములు 27). అందులోని 276 మందిలో ఒక్కరూ చావరని పౌలుకు దేవుడు చెప్పాడు, అలాగే కొందరు ఈది, మిగతావాళ్లు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. బలుసుతిప్ప పడవలకు అలా జరగలేదు. ఈ రెండూ నిజమే. మావాళ్లలో చాలామంది రెంటినీ పట్టుకునే ఇన్నేళ్లు ప్రార్థిస్తున్నారు. చనిపోయినవాళ్లు దేవుని చేతిలో ఉన్నారని, పునరుత్థానం ఉందని నమ్ముతున్నాం. సముద్రం తన మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20లో రాసి ఉంది. శవం దొరకని ఇళ్లలో నేను చదివే వచనం అది.

బిడ్డ చనిపోయింది. "విశ్వాసులు ఏడవకూడదు" అంటున్నారు.

చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గర ఏడ్చాడు. ఇంక మనమెంత? ఆదరణ కూడిక అయిపోయాక, బంధువులు వెళ్లిపోయాక, బిడ్డ పౌడరు డబ్బా కనబడినప్పుడు వచ్చే ఏడుపుకు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. "దేవుడికి ముద్దొచ్చి తీసుకెళ్లాడు" అని ఎవరైనా అంటే వినకండి, బైబిల్లో అలాంటి మాట లేదు.

ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. "నీ దేవుడేం చేశాడు" అంటే ఏం చెప్పను?

వాదించకండి. వాళ్లూ భయంలోనే ఆ మాట అంటారు. అన్నం వండి పెట్టండి, ఆసుపత్రిలో మీ వంతు రాత్రి మెలకువగా ఉండండి. అడిగినప్పుడు, నాకూ తెలియదు, ఆయన్ని వదలబుద్ధి కావడం లేదు అని చెప్పండి చాలు.

ప్రార్థించడానికి నోరు రావడం లేదు.

ఒక్క కీర్తన పైకి చదవండి, రోజుకొకటి. చదవలేకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. మనకు మాట రానప్పుడు ఆత్మ మూలుగులతో మన తరఫున విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతుంది. కొన్నాళ్లు మీ బదులు సంఘం ప్రార్థిస్తుంది, దానికి మొహమాటపడకండి.

కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లాలి. ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే జరుగుతాయన్న రోమా 8:28 ఆ ఇంటి గుమ్మంలో చెప్పాల్సిన వచనం కాదు, దాన్ని వాళ్లే ఎప్పుడైనా చెబితే వినండి. మీకు తెలిసిన ఇంకొకరి అద్భుతం కథ చెప్పకండి. ఇంకొకరికి జరిగింది, మాకెందుకు జరగలేదన్న ప్రశ్న వాళ్లకు మిగులుతుంది.

క్యారేజీలో అన్నం, చారు పట్టుకెళ్లండి. పిల్లల్ని స్కూలుకు ఎవరు దింపుతున్నారో కనుక్కోండి. ఆసుపత్రికి తోడు కావాలా అని అడగడం కాదు, బుధవారం నేనొస్తాను అని చెప్పండి. ప్రార్థన చేయమని వాళ్లడిగితే చిన్నగా చేయండి. మొదటి వారం అందరూ వస్తారు కాబట్టి, మీరు మూడో నెలలో వెళ్లే రోజు ఇప్పుడే క్యాలెండరు మీద రాసుకోండి.